ఈస్ట్ పైపొర ప్రొటీన్లు: ఏది రిక్తికకు, ఏది మళ్లీ పైకి?

మీరు అడిగినవి మూడు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ ట్యాగులా తగిలితే ఆ ప్రొటీన్, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియసోమ్‌కు పోతుందని చదువుకున్నాం కదా, ఈస్ట్‌లో పైపొర (కణాన్ని చుట్టి ఉండే పొర) ప్రొటీన్లు మాత్రం రిక్తికకు, అంటే ప్రొటీన్లు జీర్ణమయ్యే సంచి లాంటి వాక్యువోల్‌కు, ఎందుకు పోతున్నాయి? యుబిక్విటిన్ లేకపోతే ప్రొటీన్ తనంతట తానే తిరిగి పైకి వచ్చేస్తుందా? చివరిది: మీ మ్యుటెంట్‌కు (ఒక జన్యువు తీసేసిన ఈస్ట్‌కు) మెథియొనీన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చాక మప్1-జీఎఫ్‌పీ (వెలిగే జీఎఫ్‌పీ ప్రొటీన్ తగిలించిన మప్1) రిక్తికలోకి చేరకుండా చుక్కలుగా ఆగిపోతోంది, కాబట్టి రీసైక్లింగ్, అంటే లోపలికి వచ్చిన ప్రొటీన్‌ను తిరిగి పైకి పంపడం, దెబ్బతిన్నదని డిసర్టేషన్‌లో రాసుకోవచ్చా?

మూడోదానికి ముందే చెప్పేస్తాను: అలా రాయకండి. మీరు చూసినదాన్ని బట్టి రీసైక్లింగ్ గురించి ఏమీ తేలదు. ఎందుకు తేలదో తెలియాలంటే మొదటి రెండు ప్రశ్నలూ తేలాలి, అందుకే జవాబు పొడుగవుతోంది. ఈ విషయం మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను. విద్యార్థులు ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే.

మనం మాట్లాడుకుంటున్నది సాకరోమైసిస్ సెరివిసియే గురించి. బేకరీలో పిండి పొంగించేదీ, తాటికల్లు పులియడంలో పనిచేసేదీ ఈ జీవే. నిజకేంద్రక జీవుల్లో మొట్టమొదట పూర్తి జీనోమ్ చదివింది దీనిదే, 1996లో. జన్యువులు ఆరువేలకు అటూ ఇటూ. ఏ జన్యువును కావాలంటే దాన్ని తీసేయవచ్చు, ఏ ప్రొటీన్ చివరకైనా జీఎఫ్‌పీ తగిలించి మైక్రోస్కోపు కింద చూడవచ్చు. పైపొర ప్రొటీన్ల రాకపోకల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్దభాగం ఈ రెండు సౌకర్యాల వల్లే వచ్చింది.

ఉన్నచోటి నుంచి కదల్లేని కణం ఇది. చుట్టూ ఏది దొరికితే దాన్ని లోపలికి తెచ్చుకోవాలి. అందుకే ఒక్కో పోషకానికి ఒక్కో రవాణా ప్రొటీన్ పైపొరలో ఉంటుంది: మెథియొనీన్‌కు మప్1, ఆర్జినిన్‌కు క్యాన్1, లైసిన్‌కు లిప్1, యురసిల్‌కు ఫర్4, ట్రిప్టోఫాన్‌కు టాట్2, దాదాపు అన్ని అమైనో ఆమ్లాలకూ కలిపి గ్యాప్1. ఇవి పోషకాన్ని ఊరికే తేవు, వెంట ఒక ప్రోటాన్‌నూ లోపలికి తెస్తాయి. ఆ ప్రోటాన్‌ను బయటకు తోయడానికి పీఎంఏ1 అనే పంపు ఏటీపీ ఖర్చు పెట్టాలి. కాబట్టి అవసరం తీరాక కూడా రవాణా ప్రొటీన్ పైన ఉంటే కణానికి నష్టమే. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. కెనవనిన్ అనే విషపదార్థం అచ్చం ఆర్జినిన్‌లా ఉండి క్యాన్1 ద్వారానే లోపలికి వస్తుంది. మామూలు కణం క్యాన్1ను పైపొర నుంచి తీసేసి కొద్దిపాటి కెనవనిన్‌ను తట్టుకుంటుంది. అలా తీసేసే శక్తి పోయిన మ్యుటెంట్ అదే ప్లేటు మీద చచ్చిపోతుంది. ఈ రంగంలో చాలా జన్యువులు దొరికింది ఇంత సులువైన ప్లేటు పరీక్షతోనే.

పైపొరలోని ప్రొటీన్లన్నీ ఇలా వచ్చిపోయేవి కావు. ఇందాక చెప్పిన పీఎంఏ1 చాలాకాలం అక్కడే ఉంటుంది. కణం మొగ్గ తొడిగినప్పుడు కూడా తల్లికణంతోనే ఎక్కువభాగం ఉండిపోతుంది, కొత్త మొగ్గలోకి పెద్దగా వెళ్లదు. అంటే ఏది ఎన్నాళ్లు ఉండాలన్నది ప్రొటీన్‌ను బట్టి, పరిస్థితిని బట్టి వేరువేరుగా తేలుతుంది.

ఇప్పుడు మీ మప్1నే దగ్గరగా చూద్దాం. మెథియొనీన్ లేని మీడియంలో పెరుగుతున్న కణాల్లో మప్1-జీఎఫ్‌పీ కణం అంచున ఆకుపచ్చ వలయంలా కనిపిస్తుంది. జాగ్రత్తగా ఫోకస్ చేస్తే ఆ వలయం ఒకే మందంలో ఉండదు, అక్కడక్కడా ఎక్కువ వెలుగుతున్న మచ్చలు కనబడతాయి. అవి ఐసోసోమ్‌లు. పిల్1, ఎల్ఎస్‌పీ1 అనే ప్రొటీన్లు పొరను లోపలివైపు వంచి చేసిన సన్నటి గాడులు అవి. లోతు సుమారు 50 నానోమీటర్లు, పొడవు రెండు మూడు వందల నానోమీటర్లు. 2006లో వీటిని మొదట వర్ణించినప్పుడు ఎండోసైటోసిస్, అంటే పొర ముక్కను బుడగలా లోపలికి లాక్కోవడం, జరిగే చోట్లు ఇవేనేమో అన్నారు. తర్వాతి పనితో ఆ అభిప్రాయం తలకిందులైంది. ఎండోసైటోసిస్ జరిగేది వేరే చోట్ల. ఐసోసోమ్‌లో ఉన్న రవాణా ప్రొటీన్ దాన్ని తప్పించుకుని భద్రంగా ఉంటుంది. పాత సమీక్షా వ్యాసాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

మెథియొనీన్ వేయండి. మప్1 దాన్ని పట్టుకుని లోపలికి వదిలే క్రమంలో దాని ఆకారం మారుతుంది. ఐసోసోమ్ నుంచి బయటపడి పొరలో పక్కకు చెదురుతుంది. కొద్ది నిమిషాల్లోనే అంచు కింద చిన్నచిన్న చుక్కలు మొదలవుతాయి. అరగంటకల్లా రిక్తిక పక్కన చుక్కలు. గంట, గంటన్నర దాటేసరికి వలయం దాదాపు మాయమై, కణం మధ్య రిక్తిక మొత్తం లోపలి నుంచి ఆకుపచ్చగా నిండిపోతుంది. ఈ చివరి మాట ముఖ్యం: రిక్తిక అంచు వెలగదు, లోపలి భాగం వెలుగుతుంది. అక్కడి ప్రోటియేజులు మప్1ను ముక్కలు చేసేస్తాయి గానీ జీఎఫ్‌పీ గట్టి పిండం, అంత తేలిగ్గా అరగదు. అందుకే ప్రొటీన్లను సైజును బట్టి విడదీసి చూసే వెస్టర్న్ బ్లాట్‌లో 27 కిలోడాల్టన్ల దగ్గర విడి జీఎఫ్‌పీ గీత కనిపిస్తుంది. ఆ గీత వచ్చిందంటే ప్రొటీన్ నిజంగా రిక్తిక లోపలికి చేరిందని అర్థం. జీఎఫ్‌పీ బదులు పీహెచ్‌లూరిన్ వాడితే రిక్తికలోని ఆమ్లతకు వెలుగు ఆరిపోతుంది, పైపొరలో మిగిలింది మాత్రమే లెక్కకు వస్తుంది.

ఇక యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. తగిలించే చోటు మప్1 విషయంలో కణం లోపలికి ఉండే తోక మొదట్లోని 27, 28వ లైసిన్లు. తగిలించేది ఆర్‌ఎస్‌పీ5 అనే లైగేజు. ఇదే ఈ కథలో కేంద్రం. 1995లో బ్రసెల్స్, పారిస్ బృందాలు గ్యాప్1, ఫర్4లను పైపొర నుంచి తీసేయడానికి ఈ లైగేజు కావాలని చూపించాయి. మరుసటి ఏడాది లిండా హికీ, హోవర్డ్ రీజ్‌మన్ జతకట్టే సంకేతమైన ఆల్ఫా ఫ్యాక్టర్‌ను పట్టుకునే గ్రాహకం స్టె2కు యుబిక్విటిన్ తగలడమే దాన్ని లోపలికి తీసుకోవడానికి సంకేతమని నిరూపించారు. అప్పటిదాకా యుబిక్విటిన్ అంటే ప్రోటియసోమ్ అనే అందరి మనసులోనూ ఉండేది. మీ పాఠ్యపుస్తకం ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

రెండింటికీ తేడా గొలుసులో ఉంది. ప్రోటియసోమ్‌కు పంపే గొలుసుల్లో యుబిక్విటిన్లు ప్రధానంగా ఒకదాని 48వ లైసిన్‌కు ఇంకొకటి తగులుకుని ఉంటాయి. ఆర్‌ఎస్‌పీ5 కట్టేది 63వ లైసిన్ ద్వారా, అదీ పొట్టి గొలుసు, కొన్నిసార్లు ఒకే ఒక్క యుబిక్విటిన్. దీన్ని గుర్తుపట్టే ప్రొటీన్లు వేరు. పైగా ఆచరణలో ఇంకో అడ్డంకి ఉంది. మప్1 లాంటి ప్రొటీన్ పొరను పన్నెండుసార్లు అటూ ఇటూ దాటి అందులో ఇరుక్కుని ఉంటుంది. కణద్రవ్యంలో తిరిగే ప్రోటియసోమ్ దాన్ని మింగాలంటే ముందు పొర నుంచి పెకలించాలి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో మడత సరిగా పడని ప్రొటీన్లను సీడీసీ48 అలాగే పెకలిస్తుంది. పైపొర నుంచి మాత్రం పొర ముక్కతో సహా లోపలికి తీసుకుని రిక్తికకు పంపడమే కణం ఎంచుకున్న మార్గం.

ఒక్క ఆర్‌ఎస్‌పీ5 ఇన్ని రవాణా ప్రొటీన్లలో ఇప్పుడు ఏది అక్కర్లేదో ఎలా కనిపెడుతుంది? తనకు ఆ తెలివి లేదు. 2008లో స్కాట్ ఎమర్ బృందం ఆర్ట్‌లు అనే మధ్యవర్తి ప్రొటీన్ల కుటుంబాన్ని బయటపెట్టింది. వీటి తోకల్లో పీవై మోటిఫ్‌లు అనే పొట్టి అమైనో ఆమ్ల వరుసలు ఉంటాయి, ఆర్‌ఎస్‌పీ5కు ఉన్న మూడు డబ్ల్యూడబ్ల్యూ డొమైన్లు వాటిని పట్టుకుంటాయి. మెథియొనీన్ వచ్చినప్పుడు మప్1 దగ్గరకు ఆర్‌ఎస్‌పీ5ను తెచ్చేది ఆర్ట్1. ఆర్జినిన్‌కు క్యాన్1 దగ్గరకు తెచ్చేదీ అదే, అందుకే ఆర్ట్1 తీసేసిన కణాలు కెనవనిన్‌కు అంత సున్నితం. లాక్టేట్‌ను తెచ్చే జెన్1 మీదకు ఆర్‌ఎస్‌పీ5ను నడిపేది రాడ్1, గ్లూకోజ్ దొరికాక. గ్యాప్1కు బల్1, బల్2. ఈ మధ్యవర్తులకు పైనుంచి ఆజ్ఞలు వస్తాయి. అమైనో ఆమ్లాలు తక్కువైనప్పుడు ఎన్‌పీఆర్1 అనే కైనేజు ఆర్ట్1కు ఫాస్ఫేట్ తగిలించి దాన్ని పొర దగ్గరకు రానివ్వదు. అమైనో ఆమ్లాలు పుష్కలంగా ఉంటే వాటిని పసిగట్టే టార్క్1 అనే ప్రొటీన్ల జట్టు చురుగ్గా ఉండి ఎన్‌పీఆర్1ను అణచివేస్తుంది, ఆర్ట్1కు దారి దొరుకుతుంది. అంటే కణం మొత్తం ఆకలి పరిస్థితి, ఆ ఒక్క రవాణా ప్రొటీన్ ఆకారం, రెండూ కలిస్తేనే యుబిక్విటిన్ తగులుతుంది. నాకు ఈ ఏర్పాటులో ఎప్పుడూ అబ్బురమనిపించేది ఇదే.

మన శరీరంలోనూ ఇదే పద్ధతి ఉంది. ఆర్‌ఎస్‌పీ5కు దగ్గరి చుట్టం నెడ్4-2 మూత్రపిండంలో సోడియం ఛానల్‌ను పైపొర నుంచి తీసేస్తుంది. ఆ ఛానల్‌లోనే ఉన్న పీవై మోటిఫ్ మ్యుటేషన్ వల్ల చెడిపోతే నెడ్4-2 పట్టుకోలేదు, ఛానల్ పైనే ఉండిపోతుంది, ఉప్పు ఎక్కువగా ఒంట్లోకి తిరిగి చేరి రక్తపోటు పెరుగుతుంది. లిడిల్ సిండ్రోమ్ అంటే అదే.

పైపొర నుంచి లోపలికి లాగే ఘట్టం గురించి చాలా రాయవచ్చు గానీ మీ ప్రశ్నకు అంత అవసరం లేదు. ఈడీఈ1, ఎంట్1, ఎంట్2 లాంటివి యుబిక్విటిన్‌ను పట్టుకోగలవు. పొర మీద క్లాథ్రిన్ అనే ప్రొటీన్ కోటు ఏర్పడటానికి ఒక నిమిషం, రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత యాక్టిన్ పోగులు పెరగడం మొదలైందంటే పది, ఇరవై సెకన్లలో పొర లోపలికి గొట్టంలా సాగి తెగిపోతుంది. ఈస్ట్ లోపలి పీడనం ఎక్కువ కాబట్టి యాక్టిన్ తోపు లేకుండా ఇది జరగదు. మీడియంలో సార్బిటాల్ కలిపి పీడనం తగ్గిస్తే కొన్ని మ్యుటెంట్లలో ఆగిన ఎండోసైటోసిస్ మళ్లీ కదలడం ఇందుకే.

లోపలికి వచ్చిన బుడగ ఎక్కడికి పోతుందన్నది ఇప్పటికీ చర్చల్లో ఉంది. జంతుకణాల పాఠంలో ముందు తొలి ఎండోసోమ్ (లోపలికి వచ్చిన బుడగలు చేరే గది), అక్కడ వేరుచేత, తర్వాత మలి ఎండోసోమ్ అని బొమ్మ వేస్తారు. ఈస్ట్‌కు ఆ బొమ్మనే అతికించడం సరికాదని 2018లో షికాగోలోని బెంజమిన్ గ్లిక్ బృందం వాదించింది. పొరకు అంటుకుని ఎర్రగా వెలిగే ఎఫ్‌ఎం4-64 రంగు ఇచ్చి చూస్తే అది ముందుగా చేరేది ప్రొటీన్లను వేరుచేసి పంపే గాల్జీ చివరి భాగానికి, అంటే టీజీఎన్‌కు, విడిగా తొలి ఎండోసోమ్ అంటూ లేదు అన్నది వారి మాట. టీజీఎన్‌లోనే ఎండోసైటోసిస్ సరుకును అందుకునే ప్రత్యేక భాగం ఒకటి ఉందని, దాన్ని టీఎల్‌జీ2 అనే ప్రొటీన్‌తో గుర్తించవచ్చని తర్వాత జపాన్ బృందం ఒకటి చూపించింది. నా మటుకు నాకు, పై నుంచి వచ్చినదీ కొత్తగా తయారై పైకి వెళ్లాల్సినదీ కలిసే చోటు టీజీఎన్ అన్న చిత్రమే ఈస్ట్‌కు నప్పుతుందనిపిస్తుంది. మీ డిసర్టేషన్‌లో మాత్రం టీజీఎన్‌కు గుర్తుగా వాడే ఎస్‌ఈసీ7 ప్రొటీన్‌తో కలిసిన చుక్కలను తొలి ఎండోసోమ్ అని రాసేస్తే పరీక్షకులు నిలదీస్తారు. టీజీఎన్ అని రాసి, ఎండోసైటోసిస్ సరుకు అక్కడికి చేరుతుందని చెప్పండి.

ఇక మీ రెండో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. యుబిక్విటిన్ లేకపోతే ప్రొటీన్ తనంతట తానే పైకి వస్తుందా? చాలామంది అలాగే అనుకుంటారు: ట్యాగు ఉంటే రిక్తిక, లేకపోతే పైపొర. ఇందులో సగం నిజమే. స్టె3 అనే గ్రాహకం మామూలుగా ఎడతెగకుండా లోపలికి వస్తూ రిక్తికలో నాశనమవుతూ ఉంటుంది. దానికి జీఎఫ్‌పీతో పాటు యుబిక్విటిన్‌ను తెంపే ఎంజైము ముక్కను కూడా అతికిస్తే ప్రొటీన్ పైపొరకు తిరిగి వచ్చి అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది. ఇంతవరకు ట్యాగు సిద్ధాంతానికి సరిపోయింది. అయితే క్రిస్ మెక్‌డొనాల్డ్, రాబర్ట్ పైపర్ ఈ రిపోర్టర్‌నే తీసుకుని, ఏ జన్యువులు పోతే అది పైకి రాలేక లోపల ఆగిపోతుందో వెతికారు. 2017లో వెలువడ్డ ఆ పనిలో అలాంటి జన్యువులు చాలానే దొరికాయి. జీటీఆర్1, జీటీఆర్2 అనే ర్యాగ్ జీటీపీయేజులు కూడా అందులో ఉన్నాయి, అదీ టార్క్1తో సంబంధం లేని పాత్రలో. అంటే పైకి పంపడానికి ప్రత్యేకమైన యంత్రాంగం ఉంది. ట్యాగు లేనంత మాత్రాన ప్రొటీన్ పైకి కొట్టుకురాదు, ఎవరో మోసుకురావాలి.

ఆ మోసేవాళ్లూ ఒక్కరు కాదు. ఎస్‌ఎన్‌సీ1 అనే స్నేర్ ప్రొటీన్‌ను చూడండి. స్రావక బుడగలు పైపొరతో కలవడానికి ఇది కావాలి. కలిశాక అది పైపొరలో చిక్కుకుపోతుంది, తర్వాతి బుడగకు మళ్లీ కావాలి. అందుకని లోపలికి వచ్చి, టీజీఎన్ ద్వారా తిరిగి పైకి, ముఖ్యంగా పెరుగుతున్న మొగ్గ వైపు వెళుతుంది. ఆర్‌సీవై1 అనే జన్యువు తీసేస్తే ఎస్‌ఎన్‌సీ1 లోపలే చుక్కలుగా పేరుకుపోతుంది. పొరలో ఫాస్ఫోలిపిడ్లను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తిప్పే డీఆర్‌ఎస్2, సరుకును వేరుచేసే సార్టింగ్ నెక్సిన్ ప్రొటీన్ ఎస్‌ఎన్‌ఎక్స్4 కూడా ఈ దారిలో అవసరం. అసలు ఆశ్చర్యం 2017లో వచ్చింది. ఎస్‌ఎన్‌సీ1కు 63వ లైసిన్ గొలుసుగా యుబిక్విటిన్ తగులుతుంది, ఆ గొలుసును కోప్1 అనే ప్రొటీన్ల కోటు పట్టుకుని దాన్ని తిరిగి పైకి నడిపే దారిలో పెడుతుంది. అదే రకం ట్యాగు మప్1కు తగిలితే మరణశిక్ష, ఎస్‌ఎన్‌సీ1కు తగిలితే తిరుగు ప్రయాణం. కాబట్టి ట్యాగు ఉందా లేదా అని మాత్రమే చూస్తే సరిపోదు, అది ఏ మజిలీలో ఉంది, అక్కడ దాన్ని పట్టుకునేది ఎవరు అని చూడాలి. ఈ జవాబు మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే గుర్తుపెట్టుకోండి: ఎంపిక ఒకచోట ఒకేసారి జరిగిపోదు, ప్రతి మజిలీలోనూ మళ్లీ జరుగుతుంది.

ఇంకా లోపలికి, అంటే మలి ఎండోసోమ్ దాకా వచ్చిన ప్రొటీన్‌ను కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఆ పని చేసేవాటిలో ముఖ్యమైనది రెట్రోమర్. వీపీఎస్35, 29, 26 ఒక జట్టు, వీపీఎస్5, 17 ఇంకో జట్టు. 1998లో ఎమర్ ప్రయోగశాలలో మాథ్యూ సీమన్ దీన్ని గుర్తించారు. మొదట తెలిసిన పని రిక్తికకు ఎంజైములను చేర్చే వీపీఎస్10 గ్రాహకాన్ని ఎండోసోమ్ నుంచి గాల్జీకి తిరిగి పంపడం. పైపొర ప్రొటీన్లకూ ఇది ఉపయోగపడుతుంది. ఇనుమును తెచ్చే ఫెట్3, ఎఫ్‌టీఆర్1 జంటనే తీసుకోండి. ఇనుము కరువైనప్పుడు ఎస్‌ఎన్‌ఎక్స్3తో కలిసి రెట్రోమర్ ఆ జంటను ఎండోసోమ్ నుంచి లాగి మళ్లీ పైకి తిప్పుతుంది. ఇనుము ఎక్కువైతే అదే జంటకు యుబిక్విటిన్ తగిలి రిక్తికకు పోతుంది. ఇదే వీపీఎస్35లో మనుషులకు వచ్చే ఒక మ్యుటేషన్ వంశపారంపర్య పార్కిన్సన్ వ్యాధికి కారణమని 2011లో తేలింది.

వెనక్కి తీసుకోనిది ఎస్కర్ట్ అనే ప్రొటీన్ జట్ల చేతికి చిక్కుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మప్1 ఉన్న ఎండోసోమ్ నేరుగా రిక్తికతో కలిసిపోతే ఏమవుతుంది? మప్1 రిక్తిక అంచు పొరలో తేలుతుంది. దాని తోకలు కణద్రవ్యం వైపే ఉంటాయి, లోపలి ప్రోటియేజులకు అందవు. అందుకే ఎండోసోమ్ పొర ముందే తన లోపలికి తాను చిన్న బుడగలుగా ముడుచుకోవాలి. ఈస్ట్‌లో ఆ బుడగల వ్యాసం 25 నుంచి 40 నానోమీటర్లు. బహుబుడగల ఎండోసోమ్, అంటే ఎంవీబీ, రిక్తికతో కలిసినప్పుడు ఆ బుడగలు మొత్తంగా లోపలికి పడి జీర్ణమవుతాయి. ఇందాక రిక్తిక లోపలి భాగం ఆకుపచ్చగా నిండిందన్నది ఇందువల్లే.

1980ల నడుమ ఎమర్, టామ్ స్టీవెన్స్ బృందాలు రిక్తికకు చేరాల్సిన సీపీవై ఎంజైము బయటకు కారిపోతున్న మ్యుటెంట్లను ఏరి వీపీఎస్ జన్యువులను పోగుచేశాయి. వాటిలో ఇ తరగతివి రిక్తిక పక్కన ఒక వింత పెద్ద ఎండోసోమ్‌ను పెంచుతాయి. 2001, 2002ల్లో వాటి ప్రొటీన్లే ఎస్కర్ట్-1, 2, 3 జట్లని బయటపడింది. మొదట వీపీఎస్27 ఉన్న జట్టు యుబిక్విటిన్‌ను పట్టుకుంటుంది, తర్వాతవి అందుకుంటాయి, చివర్లో ఎస్‌ఎన్‌ఎఫ్7 పొర మీద సుడిలా చుట్టుకుని బుడగ మెడను బిగిస్తుంది, వీపీఎస్4 ఏటీపీ ఖర్చుపెట్టి ఆ జట్టును విప్పి మళ్లీ వాడుకలోకి తెస్తుంది. బుడగ మూసుకునే ముందు డోవా4 యుబిక్విటిన్‌ను తెంపి కణద్రవ్యానికి తిరిగి ఇస్తుంది. డోవా4 లేని కణంలో యుబిక్విటిన్ కూడా రిక్తికలో పడి నాశనమై కొరత వస్తుంది. అప్పుడు అసలు ట్యాగులు తగిలించడానికే సరిపోదు, పై మెట్లూ దెబ్బతింటాయి. అలాంటి మ్యుటెంట్‌ను చూసి ఏ మెట్టు పాడైందో చెప్పడం కష్టం.

ఆకలి గురించి ఒక మాట, ఎందుకంటే మీ ప్రయోగంలో ఇది తెలియకుండా జొరబడుతుంది. గ్లూకోజ్ ఒక్కసారిగా తీసేస్తే పైకి తిరిగి పంపే దారి మూతపడుతుంది, ఎండోసైటోసిస్ పెరుగుతుంది, పైపొర ప్రొటీన్లు పెద్దఎత్తున రిక్తికకు పోతాయి. అదే సమయంలో మప్1, ఫర్4 లాంటివాటిలో కొద్దిభాగాన్ని కణం ఐసోసోమ్‌లలో దాచిపెట్టుకుంటుంది, గ్లూకోజ్ తిరిగి దొరికినప్పుడు ఆ దాచినవి అక్కరకొస్తాయి. మీ కల్చర్ బాగా చిక్కబడేదాకా వదిలేస్తే మెథియొనీన్ వేయకముందే రిక్తిక వెలగడం మొదలవుతుంది. కల్చర్ చిక్కదనాన్ని కొలిచే ఓడీని 1 దాటనివ్వకండి, రాత్రంతా పెరిగిన కల్చర్‌ను నేరుగా స్లైడ్ మీద పెట్టకండి.

ఇప్పుడు మీ చుక్కలకు వద్దాం. మెథియొనీన్ ఇచ్చాక మప్1 వెళ్లాల్సింది రిక్తికకే. రీసైక్లింగ్ పాడైతే పైకి రావాల్సినవి రాక ఇంకా తొందరగా రిక్తికకు పోవాలి, లేదా మెథియొనీన్ లేనప్పుడే పైపొరలో మప్1 తగ్గి ఉండాలి. మీకు కనిపించింది దానికి వ్యతిరేకం: రిక్తికకు చేరడమే ఆలస్యమైంది, లేదా ఆగింది. కాబట్టి మొదటి అనుమానం పోవాల్సింది ఎంవీబీ వైపు, లేదా ఎంవీబీ రిక్తికతో కలిసే మెట్టు వైపు.

తేల్చుకోవడానికి ముందు ఎఫ్‌ఎం4-64 పెట్టండి. రిక్తిక పక్కనే ఒకటి రెండు పెద్ద చుక్కలు ఎరుపూ ఆకుపచ్చా రెండూ మెరుస్తుంటే అది ఇ తరగతి లక్షణం, అంటే ఎస్కర్ట్ దారి. పక్కన వీపీఎస్4 తీసేసిన కణాలను కూడా పెట్టుకుని పోల్చండి. రిక్తికే చిన్నచిన్న ముక్కలై ఉంటే వైపీటీ7, హాప్స్ లాంటి కలయిక యంత్రాంగం వైపు చూడండి. చుక్కలు చిన్నవై, చాలా ఉండి, ఎస్‌ఈసీ7తో కలుస్తుంటే టీజీఎన్‌లో ఆగినట్టు. వీటన్నిటితో పాటు బ్లాట్ తప్పనిసరి: 0, 30, 60, 90 నిమిషాల నమూనాలు, 27 కిలోడాల్టన్ల గీత. మైక్రోస్కోపులో అనుమానంగా ఉన్నది బ్లాట్‌లో చాలాసార్లు తేలిపోతుంది.

రీసైక్లింగ్‌నే పరీక్షించాలని ఉంటే దానికి వేరే సరుకు కావాలి: జీఎఫ్‌పీ-ఎస్‌ఎన్‌సీ1, లేదా తెంపుడు ఎంజైము అతికించిన స్టె3. ఎఫ్‌ఎం4-64ను కొద్ది నిమిషాలు మాత్రమే తాగించి, చల్లటి మీడియంతో కడిగి, తిరిగి వెచ్చబెట్టాక ఎంత రంగు బయటకు వచ్చేస్తోందో ఫ్లో సైటోమీటర్‌లో కొలవడం ఇంకో మార్గం. పరికరాలు లేకపోతే ట్రిప్టోఫాన్ తక్కువ ఉన్న ప్లేటు చాలు. తనకు తాను ట్రిప్టోఫాన్ చేసుకోలేని స్ట్రెయిన్‌లో టాట్2 పైకి తిరిగి రాకపోతే ఆ ప్లేటు మీద కణం పెరగదు. మామూలు మోతాదు ప్లేటు మీద మాత్రం బాగానే పెరుగుతుంది.

మీ స్ట్రెయిన్ ఏదో మీరు రాయలేదు, అది చాలా ముఖ్యం. బీవై4741 అయితే దానిలో మెట్15 అనే జన్యువు లేదు, మెథియొనీన్ లేకుండా అది పెరగలేదు. కాబట్టి మెథియొనీన్ లేని మీడియంలో మొదలుపెట్టడమే కుదరదు. కడిగి కాసేపు ఆకలిలో ఉంచి చేస్తారు గానీ ఆ ఆకలే తన సొంత మార్పులు తెస్తుంది. పైగా అది ట్రిప్టోఫాన్ చేసుకోగలదు కాబట్టి టాట్2 పరీక్షకు పనికిరాదు. ఈస్ట్‌లో జతకట్టే రెండు రకాల్లో అది ఎ రకం కణం, స్టె3 సహజంగా తయారయ్యేది ఆల్ఫా రకంలో. మప్1 ఒక్కదానికైతే బీవై4742 సరిపోతుంది. మూడింటికీ కలిపి కావాలంటే ఎస్‌ఈవై6210 మంచిది: ఆల్ఫా రకం, మెథియొనీన్ చేసుకుంటుంది, ట్రిప్టోఫాన్ చేసుకోలేదు. మీరు తీసేసిన జన్యువును అందులో మళ్లీ తీసేసి, ప్లాస్మిడ్ మీద ఆ జన్యువును తిరిగి ఇచ్చినప్పుడు చుక్కలు పోతున్నాయో లేదో కూడా చూడండి.

స్ట్రెయిన్ పేరు, మెథియొనీన్ వేయకముందు తీసిన ఫొటో, ఆ బ్లాట్ ఇక్కడ పెట్టండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కలిసి చూద్దాం.